ఎదురుచూపుకి కూలెంత?

పడవలు ఒడ్డుకొస్తున్నాయని తెలియగానే ఫ్యాక్టరీ తరఫు మనుషులు సందుల్లోకి పరుగెత్తేవాళ్లు. తలుపులు కొట్టి, కేకలేసి ఆడవాళ్లని పిలిచేవాళ్లు. అప్పుడు పగలు రెండు గంటలు కావచ్చు, అర్ధరాత్రి రెండు కావచ్చు. పొయ్యి మీదున్నది దించేసి, చంటిపిల్లని ఇంట్లో ముసలమ్మకి అప్పగించి, తలకి చిన్న తెల్లగుడ్డ బిగించుకుని, చెక్కచెప్పులు టకటకలాడించుకుంటూ వాలు వీధుల్లో సముద్రం వైపు దిగేవాళ్లు. చేప వస్తే పని, రాకపోతే లేదు. వస్తుందో రాదో తెలియక ఫ్యాక్టరీ వాకిట్లో కూర్చున్న గంటలకి కూలి లేదు. ఒకరోజు కాదు, ఒక ఏడాది కాదు, రెండు మూడు తరాల పాటు ఆ ఊరి ఆడవాళ్ల జీవితం ఇదే.

ఆ ఊరు పేరు దువార్నెనే. ఫ్రాన్స్ దేశానికి పడమటి కొసన, బ్రిటనీ ప్రాంతంలో, ఫినిస్తేర్ జిల్లాలో ఉంది. ఫినిస్తేర్ అంటే భూమి చివర అని అర్థం. జనాభా పద్నాలుగు వేలు ఉంటుందేమో. మన లెక్కలో పెద్ద పంచాయతీ. 2024లో ఫిబ్రవరి నుంచి ఆగస్టు దాకా నేను ఆ ఊళ్లో ఉన్నాను. పరిశోధనకో, సెమినార్‌కో వెళ్లలేదు. మా అమ్మాయికి పురుడు పోయడానికి వెళ్లాను.

మూడు నెలలు దాటి ఉండాలంటే సందర్శకుల దీర్ఘకాల వీసా తీసుకోవాలి. దానికి జతచేసే కాగితాల్లో ఒకటి, ఫ్రాన్స్‌లో ఉన్నన్నాళ్లూ ఏ ఉద్యోగమూ, ఏ వృత్తీ చేయనని మన చేత్తో మనమే రాసిచ్చే హామీ. ముప్పై ఏళ్లు డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన నేను బుద్ధిగా సంతకం పెట్టాను. ఆ తర్వాత ఏడు నెలలు తెల్లవారుజామున ఐదింటికి లేచి, బాలింత వంట, పిల్లకి నలుగూ స్నానమూ, బట్టలు, మధ్యాహ్నం నిద్రపుచ్చడం, సాయంత్రం బండిలో తిప్పడం, రాత్రి ఏడుపులు... ఏ పనీ చేయకుండానే గడిపాను! మన ఊళ్లలో నా వయసు ఆడవాళ్లు ఎంతమంది ఇలాంటి కాగితాల మీద సంతకాలు పెట్టి అమెరికాకో ఆస్ట్రేలియాకో వెళ్లి వస్తున్నారో లెక్క తీస్తే బాగుండు. విమానాశ్రయాల్లో చక్రాల కుర్చీల్లో వరసగా కనిపించే ఆ చీరల మనుషుల్ని ఏ కార్మిక గణాంకాలూ పట్టించుకోవు.

ఊరి గురించి చెప్పాలి. సముద్రం ఒక పెద్ద కొడవలిలా లోపలికొచ్చి అఖాతం అయింది. దాని ఒడ్డున కొండవాలు మీద ఇళ్లు. రోస్‌మ్యూర్ అనే పాత చేపల రేవు, పోర్ట్ ర్యూ అనే ఏటి రేవు, అవతలి ఒడ్డున ట్రెబూల్. 1945 దాకా ట్రెబూల్ వేరే ఊరు. మధ్యలో త్రిస్తాన్ అనే చిన్న దీవి ఉంది. ఆటు బాగా తీసినప్పుడు నడిచి వెళ్లగలిగేంత దగ్గర. పోటు వస్తే దీవి. అందుకే ఈ ఊళ్లో గడియారంతో పాటు ఆటుపోట్ల పట్టిక కూడా గోడకి తగిలించుకుంటారు. బ్యాంకు, పోస్టాఫీసు, మందుల దుకాణం అన్నీ మధ్యాహ్నం రెండు గంటల పాటు మూసేస్తారు. సన్నటి వాన ఎప్పుడు పడుతుందో, ఎప్పుడు ఆగుతుందో దానికే తెలీదు. మొదటి నెలంతా నేను వెళ్లేసరికి ప్రతి దుకాణం తలుపూ మూసే ఉండేది.

ఊరికి తూర్పు పక్క ప్లోమార్క్ అనే చోట, సముద్రం పైన వాలులో, రోమన్ల కాలపు రాతి తొట్లు ఉన్నాయి. క్రీస్తు శకం రెండో శతాబ్దంలో అక్కడ చేపల్ని ఉప్పులో ఊరేసి, ఆ రసాన్ని జాడీలకెత్తి అమ్మేవారట. రోజూ పిల్లని బండిలో తోసుకుంటూ ఆ దారి మీదుగా వెళ్లేదాన్ని. పద్దెనిమిది వందల ఏళ్ల కిందట ఆ తొట్ల పక్కన చేపల పేగులు తీసినవాళ్లు ఎవరు? బానిసలా, చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్లా? అక్కడున్న బోర్డు మీద తొట్ల కొలతలు ఉన్నాయి కానీ మనుషులు లేరు. చరిత్ర బోర్డులు ఎక్కడైనా అంతే.

మా పక్కింట్లో ఒక పెద్దావిడ ఉండేది. ఎనభై దాటాయి. ఆవిడ యవ్వనంలో సార్డీన్ ఫ్యాక్టరీలో డబ్బాలు నింపిన మనిషి. వాళ్లమ్మా అదే పని, అమ్మమ్మా అదే పని. పిల్లని చూసిన రోజు నా వైపు వేలు చూపించి ఏదో అంది. మా అమ్మాయి నవ్వి, “నిన్ను మమ్ గోజ్ అంటోందమ్మా, వాళ్ల బ్రెటన్ భాషలో అమ్మమ్మ అని” అంది. అక్షరాలా అయితే ముసలి అమ్మ. ఫ్రెంచి నాకు రాదు, ఆవిడకి ఇంగ్లీషు రాదు. ఇద్దరి మధ్యా మా అమ్మాయి. ఆవిడ చెప్పిన వాటిలో నన్ను పట్టుకున్నది కేకల సంగతి. వాళ్లమ్మ పెద్దదై, పని మానేసి, మంచం పట్టాక కూడా రాత్రి వీధిలో చప్పుడైతే లేచి కూర్చుని చెప్పుల కోసం వెతుక్కునేదట.

ఆ మాట విన్నాక మా అమ్మాయి చేత లైబ్రరీ నుంచి పుస్తకాలు తెప్పించాను. వాటిలో ముఖ్యమైంది ఆన్ దెనెస్ మార్తాన్ రాసిన పుస్తకం, 1994లో వచ్చింది. బ్రిటనీ తీరంలో సార్డీన్ ఫ్యాక్టరీల్లో పనిచేసిన ముసలమ్మలని కూర్చోబెట్టి మాట్లాడించి రాసింది. మన దగ్గర స్త్రీశక్తి సంఘటన వాళ్లు తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీల దగ్గరికి వెళ్లి, 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చిన పద్ధతే. పిల్లకి పాలిచ్చే వేళల్లో అమ్మాయి ఒక చేత్తో పుస్తకం పట్టుకుని తెలుగు చేసి చెప్పేది. నేను పక్కన కూర్చుని రాసుకునేదాన్ని. పిల్ల నిద్రపోతే ఆ రోజుకి చరిత్ర అక్కడితో ఆగిపోయేది.

సార్డీన్ అంటే మన కోస్తాలో కవళ్లకి దగ్గరి చుట్టం. పట్టిన పూటే ఏదో ఒకటి చేయకపోతే కుళ్లిపోతుంది. పంతొమ్మిదో శతాబ్దంలో డబ్బాలో పెట్టి మరిగించి నిల్వచేసే పద్ధతి వచ్చాక ఆ తీరమంతా ఫ్యాక్టరీలు లేచాయి. దువార్నెనేలో మొదటిది 1853లో పెట్టారు. ఆ ఏడు మొదలైన కంపెనీ ఒకటి ఇప్పటికీ అక్కడ సార్డీన్లు డబ్బాలకెత్తుతోంది.

పని ఎలా సాగేదంటే, చేప రాగానే తల తుంచి, దాంతోపాటే పేగు లాగేయాలి. ఉప్పునీళ్లలో వేసి, కడిగి, జల్లెడల మీద ఆరబెట్టి, మరిగే నూనెలో వేయించి, తోకా తలా సర్ది డబ్బాలో పేర్చి, నూనె పోయాలి. అప్పుడు మూత అతికి, డబ్బాని వేడినీళ్లలో ఉడికించాలి. ఇందులో మూత అతికే పని మగవాళ్లది. అదొక్కటీ ‘నైపుణ్యం’. మిగతాదంతా ఆడవాళ్లది, అది ‘చేతివాటం’. కూలి కూడా ఆ మాటల ప్రకారమే. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మూతలు బిగించే యంత్రాలు వస్తే ఆ మగవాళ్లు తిరగబడ్డారు, 1909లో పక్క ఊరు కొంకార్నోలో యంత్రాలు విరగ్గొట్టారు. నైపుణ్యం అనేది చేతిలో ఎంత ఉందో, పేరులో ఎంత ఉందో అని అప్పుడైనా ఎవరైనా అడిగారో లేదో!

ఆడవాళ్ల నెత్తిన ఉండే ఆ చిన్న టోపీని పెన్ సార్దిన్ అనేవారు. బ్రెటన్ భాషలో సార్డీన్ తల. వెంట్రుకలు చేపల్లో పడకుండా తలకి అతుక్కుని ఉండే గుడ్డ. బ్రిటనీలో మిగతా ఊళ్ల ఆడవాళ్లు పండగలకి పెట్టుకునే లేసు టోపీలు మూరెడు ఎత్తుంటాయి, ఫొటోలకి బాగుంటాయి. ఇది మాత్రం పనిగుడ్డ. క్రమంగా ఆ గుడ్డ పేరే మనుషులకి వచ్చేసింది. ఇప్పుడు ఊళ్లో గోడల మీద, సంచుల మీద, టీ కప్పుల మీద ఆ బొమ్మే.

చేప ఆగదు కాబట్టి పని కూడా ఆగదు. పదహారు, పద్దెనిమిది గంటలు వరసగా నిలబడి చేసిన రోజులున్నాయి. నిద్ర రాకుండా పాటలు పాడేవాళ్లు. మొదట చర్చి పాటలు, తర్వాత తర్వాత యజమానులకి నచ్చని పాటలు. మరి చట్టం లేదా? ఉంది. ఆడవాళ్లు ఫ్యాక్టరీల్లో రాత్రిపూట పని చేయకూడదని ఫ్రాన్స్‌లో 1892లోనే చట్టం చేశారు. కానీ పాడైపోయే సరుకుతో చేసే పనులకి మినహాయింపు ఇచ్చారు. అంటే చేపకి.

ఈ మినహాయింపు దగ్గర నేను ఆగిపోయాను, ఎక్కడో చదివినట్టు అనిపించి. మన 1948 ఫ్యాక్టరీల చట్టం 66వ సెక్షన్ చూడండి. ఆడవాళ్ల చేత రాత్రిపూట పని చేయించకూడదు అని చెప్పి, చేపలు ఎండబెట్టే, డబ్బాలకెత్తే ఫ్యాక్టరీలకి రాష్ట్ర ప్రభుత్వాలు మినహాయింపు ఇవ్వవచ్చు అంది. కారణం, ముడిసరుకు చెడిపోకుండా ఉండటం కోసం! ఏడు వేల కిలోమీటర్ల దూరం, యాభై ఆరేళ్ల తేడా, వాదం మాత్రం అదే. ఆడదాని నిద్ర చెడినా ఫర్వాలేదు, చేప చెడకూడదు. కాకినాడ, భీమవరం చుట్టుపక్కల రొయ్యల షెడ్లలో ఐసుగడ్డల మధ్య చేతులు పెట్టి కిలోల లెక్కన తలలు తీసే ఆడపిల్లల్ని చూసినవాళ్లకి దీని గురించి విడమరిచి చెప్పక్కర్లేదు.

1905 దాకా దువార్నెనేలో కూడా కూలి లెక్క అలాగే ఉండేది. వెయ్యి చేపలకి ఇంత అని. ఆ లెక్కలో ఎన్ని మోసాలో! చేప చిన్నదైతే ఎక్కువ పని, అదే కూలి. లెక్కపెట్టేది యజమాని మనిషి. ఆ ఏడు ఆడవాళ్లు సమ్మె చేసి గంటకి ఇంత అనే పద్ధతి సాధించుకున్నారు. మనం సాధారణంగా గడియారం కార్మికుడి మెడ మీద కాడి అని చదువుకుంటాం. పాఠాలు చెప్పేటప్పుడు నేనూ అలాగే చెప్పాను. ఈ ఆడవాళ్లు మాత్రం పోరాడి మరీ గడియారం తెచ్చుకున్నారు. ఎందుకంటే గడియారం లేకపోతే వాళ్ల రోజు మొత్తం యజమానిదే. చేపల్ని లెక్కపెట్టడం మాని మా కాలాన్ని లెక్కపెట్టండి అని అడగడం చిన్న విషయం కాదు. అయితే ఆ గడియారం చేప బల్ల మీదికి వచ్చాకే తిరగడం మొదలుపెట్టేది. వాకిట్లో కూర్చున్న గంటలు దాని ముల్లుకి అందలేదు.

అసలు 1905 సమ్మె ఏ పరిస్థితిలో జరిగిందో కూడా చూడాలి. 1902, 1903 నాటికి సార్డీన్ ఆ తీరానికి రావడమే మానేసింది. పడవలు ఖాళీగా తిరిగొచ్చేవి. ఇళ్లలో రొట్టె లేదు. అప్పుడు దక్షిణ ఫినిస్తేర్ తీరంలో దొరసానులు, సన్యాసినులు పూనుకుని జాలరి ఆడవాళ్లకి క్రోషియాతో లేసు అల్లడం నేర్పించారు. ఐర్లండు అల్లిక. చేప కోసం ఎదురుచూసే గంటల్లోకి లేసు వచ్చి కూర్చుంది. గడప ముందు నిలబడి, సముద్రం వైపు ఒక కన్నేసి, వేళ్లు ఆడిస్తున్న ఆడవాళ్ల పాత ఫొటోలు ఆ ప్రాంతపు పుస్తకాల్లో చాలా కనిపిస్తాయి.

నాది నరసాపురం పక్క పల్లె. నాకు ఆ ఫొటోలు కొత్తగా అనిపించలేదు. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీ దొరసానులు మా గోదావరి ఒడ్డున నేర్పిన పని కూడా క్రోషియా లేసే. మా మేనత్తలు ముగ్గురూ అరుగు మీద కూర్చుని ఏజెంటు ఇచ్చిన దారంతో అల్లేవాళ్లు. ఇంట్లో ఎవరిని అడిగినా, “ఏం పనుందమ్మా వాళ్లకి, ఊరికే కూర్చోలేక అల్లుకుంటున్నారు” అనేవాళ్లు. మరియా మీస్ మా ప్రాంతానికి వచ్చి, అధ్యయనం చేసి, 1982లో నరసాపురం లేసు పనివాళ్ల మీద పుస్తకం వేసింది. ఇంటి చాకిరీ అంతా చేసుకున్నాక ఒక్కొక్కరూ రోజుకి 6 నుంచి 8 గంటలు లేసు అల్లుతున్నారని తేల్చింది. ప్రపంచ మార్కెట్‌కి సరుకు తయారుచేస్తున్నా వీళ్లని గృహిణులు అనే పిలుస్తారు, అందుకే అంత చవగ్గా దొరుకుతారు అంది. మేనత్తల అరుగుకీ దువార్నెనే గడపకీ మధ్య ఆ ఐర్లండు దారం ఒకటే.

ఇక 1924. ఇది ఆ ఊరికి పెద్ద కథ. నేను వెళ్లింది సరిగ్గా నూరేళ్లకి. ఎక్కడ చూసినా పోస్టర్లు, ఉపన్యాసాలు, పాటలు. అప్పటికి ఆడవాళ్ల కూలి గంటకి 80 సెంటీమ్‌లు. ఎనిమిది గంటల పనిదినం చట్టం 1919లో వచ్చింది, ఈ ఫ్యాక్టరీల గేటు మాత్రం దాటలేదు. నవంబరు 21న ఖాళీ డబ్బాలు చేసే కార్ఖానాలో ఆడవాళ్లు ముందు పని ఆపారు. నాలుగైదు రోజుల్లో ఊళ్లో ఫ్యాక్టరీలన్నీ ఆగిపోయాయి. సుమారు రెండు వేల మంది సమ్మెలో దిగారు, దాదాపు నాలుగింట మూడొంతులు ఆడవాళ్లు. వాళ్లు అడిగింది గంటకి ఒక ఫ్రాంకు 25 సెంటీమ్‌లు. దాన్ని బ్రెటన్ భాషలో నినాదం చేశారు: పెంప్ రెయాల్ అ వో! రెయాల్ అంటే 25 సెంటీమ్‌లు. అమ్మాయి ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి, ఇంగ్లీషు నుంచి తెలుగులోకి తిప్పలు పడుతుంటే నాకు నవ్వొచ్చింది. ఇంత కష్టమెందుకు, ఐదు పావలాలు కావాలి అనే కదా! మన దగ్గర 2011లో పావలా బిళ్ల చెల్లకుండా పోయింది కానీ మాట ఇంకా చెల్లుతూనే ఉంది.

నినాదం ఫ్రెంచిలో కాక బ్రెటన్‌లో ఎందుకుందీ అంటే, ఆ ఆడవాళ్ల నోటి భాష అదే. బడిలో ఆ భాష మాట్లాడిన పిల్లల మెడలో చెక్కముక్కో, పాత చెప్పో తగిలించి నిలబెట్టేవాళ్లు. మన కడప జిల్లాలో 2009లో తెలుగు మాట్లాడిన పిల్లల మెడలో పలకలు వేసిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది.

సమ్మె 46 రోజులు నడిచింది. చలికాలం, వాన. చేతులు పెనవేసుకుని, ఆ చిన్న టోపీలతో రోజూ ఊరేగింపు. ఊళ్లో ఉమ్మడి వంటశాల పెట్టారు. దేశం నలుమూలల నుంచి చందాలొచ్చాయి. జాలరులు వేటకి వెళ్లడం మానేశారు. మేయర్ డానియెల్ ల ఫ్లాంషెక్ కమ్యూనిస్టు, ఊరేగింపులకి ముందు నడిచేవాడు. 1921లోనే కమ్యూనిస్టు మేయర్‌ని ఎన్నుకున్న ఊరది, ఫ్రాన్స్‌లో మొదటిది. పారిస్ నుంచి ల్యూసీ కొలియార్ అనే ఉపాధ్యాయిని వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధాన్ని వ్యతిరేకించి జైలుకెళ్లిన మనిషి. ఆవిడ ఇళ్లలోకి వెళ్లి ఆడవాళ్లతో మాట్లాడి, ఎన్ని గంటలు చేశారు, ఎంత ఇచ్చారు అని రాసుకుంది. 1925లో అది చిన్న పుస్తకంగా వచ్చింది. పేరు ‘ఒక అందమైన ఆడవాళ్ల సమ్మె: దువార్నెనే’. కార్మికమంత్రి రాజీకి పిలిచినా యజమానుల సంఘం కదల్లేదు. చివరికి వాళ్ల కట్టు తప్పి ముందుగా ఒప్పుకున్నది కూడా ఒక ఫ్యాక్టరీ యజమానురాలే.

1925 జనవరి 1న, బయటి నుంచి తెచ్చిన సమ్మె విచ్ఛిన్నకులు ఒక కేఫ్‌లో మేయర్ మీద కాల్పులు జరిపారు. గొంతులో గుండు దిగింది. బతికాడు. కోపంతో జనం ఆ కిరాయి మనుషులు దిగిన హోటల్ ధ్వంసం చేశారు. వాళ్లకి డబ్బిచ్చింది యజమానులేనని బయటపడ్డాక ఇక సాగదీయడం కుదరలేదు. వారం తిరక్కుండా ఒప్పందం కుదిరింది. ఆడవాళ్లకి గంటకి ఒక ఫ్రాంకు, మగవాళ్లకి ఒకటిన్నర. గంటలు మించిన పనికి, అర్ధరాత్రి దాటిన పనికి అదనపు కూలి. సమ్మె చేసినందుకు ఎవరినీ తీసేయకూడదు.

ఇది విజయమే. నేను తక్కువ చేయడం లేదు. అయినా ఆ అంకెల దగ్గర ఆగి చూడండి. నలభై ఆరు రోజులు వీధిలో నిలబడింది ఎక్కువమంది ఆడవాళ్లు. అడిగింది ఐదు పావలాలు, వచ్చింది నాలుగు. మగవాళ్ల చేతిలో ఆరు పడ్డాయి. ఇక కథ చెప్పేటప్పుడు మేయర్ గొంతులో దిగిన గుండే ముందుకొస్తుంది. సహజమే, అందులో నెత్తురుంది, నాటకముంది. వాకిట్లో కూర్చున్న గంటల్లో ఏముంది చెప్పడానికి? పక్కింటావిడని ఈ సమ్మె గురించి అడిగితే వాళ్లమ్మమ్మ అందులో నడిచిందని గర్వంగానే చెప్పింది. కానీ మళ్లీ మళ్లీ ఆవిడ వెళ్లింది కేకల దగ్గరికీ, చేతులకి పట్టిన ఉప్పు పుళ్ల దగ్గరికీ, ఒంటికి పట్టేసి ఎంత కడిగినా పోని నూనె వాసన దగ్గరికీ. ఆ వాసన వల్ల పక్క పల్లెల్లో సంబంధాలు వచ్చేవి కావట.

ఈ చదువంతా సాగుతుండగా ఇంట్లో ఇంకో లెక్క నడుస్తోంది. ఫ్రాన్స్‌లో మొదటి కాన్పుకి ప్రసూతి సెలవు 16 వారాలు. పుట్టకముందు ఆరు, పుట్టాక పది. మన దగ్గర 2017 నుంచి 26 వారాలు, సంఘటిత రంగంలో ఉన్న కొద్దిమందికి. తండ్రికి మాత్రం అక్కడ 2021 నుంచి 28 రోజులు ఇస్తున్నారు, మా అల్లుడు అన్నీ వాడుకున్నాడు, డైపర్లు మార్చడం నాకంటే బాగా నేర్చుకున్నాడు. పది వారాలు కాగానే అమ్మాయి పనిలోకి వెళ్లింది. నేను వెళ్లిపోయాక పిల్లని చూడటానికి లైసెన్సున్న ఒక ఆవిడని మాట్లాడుకున్నారు. ఆవిడ తన ఇంట్లోనే ముగ్గురు పిల్లల్ని చూస్తుంది. కాంట్రాక్టు రాసుకునే రోజు నేనూ కూర్చున్నాను. గంటకి ఎంత, వారానికి ఎన్ని గంటలు, పిల్ల భోజనానికి ఎంత, ఆవిడ సెలవులు ఎన్ని, అన్నీ రాశారు. తల్లిదండ్రులు ఆలస్యంగా వస్తే ఆ సమయం కూడా పనిగంటల్లోనే కలుస్తుంది. “అంటే మా కోసం ఎదురుచూసినందుకు కూడా ఇవ్వాలన్నమాట” అన్నాడు అల్లుడు, కొంచెం లెక్కేసుకుంటూ. మా అమ్మాయి నా వైపు చూసింది. నేను పిల్లని ఎత్తుకుని బాల్కనీలోకి వెళ్లాను. నాకు కూలి ఇవ్వమని అడగాలని కాదు. మనవరాలిని చూసుకున్నందుకు డబ్బేమిటి అని నాలోంచే ఒక గొంతు గదమాయిస్తుంది. ఆ గొంతే “ఊరికే కూర్చోలేక అల్లుకుంటున్నారు” అని మా మేనత్తల గురించి చెప్పిన గొంతు అని కూడా నాకు తెలుసు. రెండూ తెలిసి ఉండటం అంత హాయిగా ఏమీ లేదు.

ఆ ఊరికి ఇంకో ఆడమనిషి కథ కూడా ఉంది. అఖాతం అడుగున ఈస్ అనే మహానగరం మునిగి ఉందంటారు. రాజు గ్రాడ్లోన్, కూతురు దాహ్యూత్. సముద్రాన్ని ఆపే తలుపుల తాళంచెవి నిద్రపోతున్న తండ్రి మెడలోంచి తీసి, ప్రియుడి మాట విని తలుపులు తీయించింది, ఊరు మునిగింది. తండ్రి గుర్రం మీద తప్పించుకుంటుంటే వెనక ఎక్కిన కూతుర్ని నీళ్లలోకి తోసేయమని ఒక సాధువు చెప్పాడు, ఆయన తోసేశాడు. ఆమె జలకన్య అయిపోయిందట. ఊరి చివర పూల్‌దవిద్ అనే పేట పేరుని కూడా కొందరు ఆమెతో ముడిపెడతారు. సముద్రం పొంగితే దానికీ ఒక ఆడదాని కోరికే కారణం! మా అమ్మాయి ఈ కథ చదివి, “మరి అంత ముఖ్యమైన తాళంచెవి మెడలో వేసుకుని నిద్రపోయినాయన తప్పేం లేదా అమ్మా?” అంది.

కథల్లోంచి కాగితాల్లోకి వస్తే జోసెఫీన్ పెన్‌కాలె ఉంది. 1886లో దువార్నెనేలో పుట్టింది. భర్త పోయాడు, ఇద్దరు పిల్లలు. సార్డీన్ ఫ్యాక్టరీలో పనిచేస్తూ 1924 సమ్మెలో నిలబడింది. సమ్మె ముగిసిన నాలుగు నెలలకి, 1925 మేలో మునిసిపల్ ఎన్నికలొచ్చాయి. ఫ్రాన్స్‌లో ఆడవాళ్లకి అప్పటికి ఓటే లేదు. అయినా కమ్యూనిస్టు పార్టీ కొన్ని చోట్ల కావాలని స్త్రీలని జాబితాల్లో నిలబెట్టింది. దువార్నెనే జాబితాలో జోసెఫీన్ పేరు పెట్టారు. ఓటేసినవాళ్లంతా మగవాళ్లే. ఆమె గెలిచింది. ఓటు లేని మనిషి కౌన్సిలర్ అయి కొన్ని నెలలు కుర్చీలో కూర్చుంది. పై అధికారి చెల్లదన్నాడు. ఆమె అప్పీలు చేసింది. 1926లో దేశపు అత్యున్నత పాలనా న్యాయస్థానం కూడా చెల్లదనే తీర్పిచ్చింది.

ఆ తర్వాత పార్టీ ఆమెని పెద్దగా పట్టించుకోలేదు. తనని వాడుకుని వదిలేశారన్న బాధ ఆమెకి చివరి దాకా ఉందని ఆమె గురించి రాసినవాళ్లు చెబుతారు. పార్టీకి అదొక ప్రదర్శన. ఆమెకి అది కొన్ని నెలల పని, ఊరి పని. ఈ రెండింటి మధ్య తేడా మన దగ్గర సర్పంచి కుర్చీల్లో కూర్చుని, సంతకం భర్త పెడుతుంటే చూస్తూ ఉండిపోయిన స్త్రీలకి బాగా తెలుస్తుంది.

ఇప్పుడు ఊళ్లో మూడు క్యానింగ్ ఫ్యాక్టరీలు మిగిలాయి. వీధుల్లో కేకలు లేవు, షిఫ్టులున్నాయి. డబ్బాల్లో చేపలు సర్దేవి ఎక్కువగా ఇప్పటికీ ఆడవాళ్ల చేతులే, వాళ్లలో ఎన్నో దేశాల నుంచి వచ్చినవాళ్లున్నారు. నేనున్న మార్చి నెలలోనే ఒక ఫ్యాక్టరీ వాళ్లు జీతాల కోసం గేటు ముందు నిలబడ్డారు. ఊరంతా నూరేళ్ల కిందటి సమ్మె పోస్టర్లు అంటిస్తున్న రోజులవి.

జోసెఫీన్ 1972 దాకా బతికింది. ఫ్రాన్స్‌లో స్త్రీలకి ఓటుహక్కు 1944లో వచ్చింది. వాళ్లు మొదటిసారి ఓటు వేసింది 1945 ఏప్రిల్ 29న, మునిసిపల్ ఎన్నికల్లోనే. తీర్పు వచ్చి పంతొమ్మిదేళ్లు. అప్పటికి ఆమెకి యాభై ఎనిమిదేళ్లు.